పెద్ద కంపెనీ వదిలి చిన్న కంపెనీకి వెళితే ఇంటిల్లిపాది ఆరోగ్య బీమా ఏమవుతుంది?

ముందుగా మీ ప్రశ్నను మిగతా చదువరుల కోసం క్లుప్తంగా చెబుతాను. మీరు మధురవాడలో ఉంటారు. మీ వారు రుషికొండలో, వేలమంది పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగి. ఆ కంపెనీ గ్రూప్ పాలసీలో మీరిద్దరూ, పాప, అత్తగారు, మామగారు అందరూ ఉన్నారు. మొత్తం 5 లక్షల బీమా. అత్తగారికి 66 ఏళ్లు, షుగరు, మోకాళ్ల నొప్పులు. మామగారికి 71, బీపీ. ఇప్పుడు సిరిపురంలో పన్నెండు మందితో నడుస్తున్న ఒక చిన్న కంపెనీ నెలకు 9 వేలు ఎక్కువ ఇస్తామంటోంది. ఇన్సూరెన్స్ కూడా ఉందని నోటిమాటగా చెప్పారు. మీరు రెండో బిడ్డ గురించి కూడా ఆలోచిస్తున్నారు. మరోవైపు మీ తమ్ముడు ఆటోనగర్‌లో తొమ్మిది మంది ఉన్న వర్క్‌షాపులో 18 వేల జీతానికి చేస్తున్నాడు, అతనికి ఏ కార్డూ లేదు. పనిచేసే చోట మనుషుల సంఖ్యను బట్టి కుటుంబానికి ఇంత తేడా ఎందుకు వస్తుంది, ఉద్యోగం మారవచ్చా అన్నది మీ ప్రశ్న.

మారవచ్చు. కానీ రాజీనామా పత్రం ఇచ్చాక కాదు, ఇవ్వకముందే మీ కుటుంబం పేరిట సొంత పాలసీ ఒకటి ఉండాలి. అత్తగారి సంగతి ఎటూ తేలకుండా మారవద్దు. విశాఖలో చిన్నా పెద్దా సంస్థలకు గ్రూప్ పాలసీలు కుదిర్చి, క్లెయిములు దగ్గరుండి చూసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. నేను చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం పాలసీ లేకపోవడం వల్ల వచ్చినవి కావు. ఉందనుకున్న పాలసీలో ఇంట్లో ఎవరో ఒకరు లేకపోవడం వల్ల వచ్చినవి.

ముందు చట్టం సంగతి. మన దేశంలో ప్రైవేటు యజమాని కార్మికుడి కుటుంబ వైద్యానికి తప్పనిసరిగా ఏర్పాటు చేయాలని చెప్పే ప్రధానమైన పథకం ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల రాజ్య బీమా. 1948 నాటి చట్టంతో మొదలైంది. దీనికి రెండు గీతలున్నాయి. సంస్థలో పది మంది ఉండాలి, ఉద్యోగి జీతం నెలకు 21 వేలు దాటకూడదు. ఈ జీతం పరిమితి 2017 జనవరి నుంచి ఉంది. వికలాంగులకైతే 25 వేలు. 2019 జులై నుంచి యజమాని వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం.

మీ తమ్ముడి జీతానికి లెక్క కడితే యజమాని కట్టాల్సింది నెలకు 585 రూపాయలు, తమ్ముడి జీతంలో పట్టుకునేది 135. రెండూ కలిపి 720. ఈ సొమ్ముకు భార్యాపిల్లలకే కాదు, అతని మీద ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా వైద్యం అందుతుంది. వైద్యం ఖర్చుకు ఇంత అని పరిమితి లేదు. ముందునుంచి ఉన్న జబ్బులా అని ఎవరూ అడగరు. జబ్బుపడి పనికి వెళ్లలేకపోతే ఏడాదిలో 91 రోజుల వరకు 70 శాతం జీతం వస్తుంది. పనిలో ప్రమాదం జరిగి మంచాన పడితే 90 శాతం. ఏ ప్రైవేటు కంపెనీ పాలసీ కూడా ఈ ధరకు ఇంత ఇవ్వదు. డిస్పెన్సరీలో పొద్దున్నే వరుస, మందుల కొరత, మల్కాపురం ఆసుపత్రి నుంచి బయటి ఆసుపత్రికి రిఫరల్ లెటర్ కోసం తిరగడం వంటి కష్టాలు ఉన్నమాట నిజం. అయినా 18 వేల జీతగాడి ఇంట్లో గుండె ఆపరేషన్ అవసరమైతే ఆ కార్డు విలువ తెలుస్తుంది. వర్క్‌షాపులో యంత్రాల మధ్య పనిచేసే మనిషికి ఆ ప్రమాద పరిహారం ఒక్కటే చాలు, ఈ పథకంలో ఉండాలనడానికి.

ఇక్కడే పది అన్న అంకె యజమానులను పట్టి ఆడిస్తుంది. తొమ్మిది దగ్గర ఆగిపోయిన షెడ్లు మన ఊళ్లో చాలా ఉన్నాయి. ఒకే షెడ్డులో అన్నదమ్ముల పేరిట రెండు సంస్థల బోర్డులు పెట్టి, చెరి ఏడుగురిని చూపించే పద్ధతీ నేను చూశాను. మీ తమ్ముడి వర్క్‌షాపులో నిజంగా తొమ్మిది మందేనా అని ఒకసారి లెక్క చూడమనండి. రోజుకూలీకి వచ్చే హెల్పరు, సాయంత్రం వచ్చి లెక్కలు రాసి వెళ్లే అకౌంటెంటు, కాంట్రాక్టరు పంపే వెల్డరు, 21 వేలకు పైగా జీతమున్న మేనేజరు అందరూ ఆ పదిలోకి వస్తారు. ఒకసారి సంస్థ ఈఎస్ఐ కిందికి వచ్చాక మనుషులు పదికన్నా తగ్గినా చట్టం వర్తిస్తూనే ఉంటుంది. పాత రోజుల్లో ఎప్పుడైనా పన్నెండు మంది ఉండి ఈఎస్ఐలో నమోదై కోడ్ నంబరు తీసుకున్న షెడ్డయితే, ఇప్పుడు తొమ్మిదే అన్న మాట చెల్లదు.

నిజంగా తొమ్మిదే అయినా ఇప్పుడు దారి ఉంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ ప్రకారం పది మంది కన్నా తక్కువ ఉన్న సంస్థ కూడా, యజమానీ ఎక్కువమంది ఉద్యోగులూ ఒప్పుకుంటే, స్వచ్ఛందంగా ఈఎస్ఐలో చేరవచ్చు. ప్రమాదకరమని ప్రభుత్వం ప్రకటించిన పనుల్లోనైతే ఒక్క మనిషి ఉన్నా వర్తింపజేసే వీలుంది. తమ్ముడు ఒక్కడే యజమాని దగ్గరికి వెళ్లి అడిగితే పని పోతుందేమోనన్న భయం సహజం. తొమ్మిది మందీ కలిసి అడగడం వేరు. మనిషికి నెలకు 585 అంటే తొమ్మిది మందికి సుమారు 5,300. ఒక కుర్రాడి వేలు మిషనులో పడితే ఆ యజమాని చేతి నుంచి పోయేది దీనికి ఎన్నో రెట్లు. మంచి మాటగా చెబితే చాలామంది యజమానులకు ఈ లెక్క అర్థమవుతుంది.

సంస్థ పెద్దదైనంత మాత్రాన గేటు లోపల ఉన్నవారందరికీ ఒకే రక్షణ ఉంటుందని కూడా అనుకోవద్దు. స్టీలు ప్లాంటుకు సొంత ఆసుపత్రి ఉంది. పోర్టుకు సాలగ్రామపురంలో గోల్డెన్ జూబిలీ ఆసుపత్రి ఉంది. పర్మనెంటు ఉద్యోగి కుటుంబానికి అక్కడ వైద్యం అందుతుంది. అదే గేటులోంచి లోపలికి వెళ్లే కాంట్రాక్టు కార్మికుడికి మాత్రం తన కాంట్రాక్టరు కట్టే ఈఎస్ఐయే దిక్కు. ఎవరి హాజరు పట్టీలో పేరుందో ఆ యజమాని సైజే లెక్క. అయితే కాంట్రాక్టరు కట్టకపోతే ఆ బాధ్యత అసలు యజమానిది. చాలామంది కార్మికులకు ఈ సంగతి తెలియదు, తెలుసుకోవాలి.

ఇప్పుడు మీ వారి సంగతి. పన్నెండు మంది ఉన్న కంపెనీ కాబట్టి ఈఎస్ఐ చట్టం దానికి వర్తిస్తుంది. కానీ ఇంజినీర్ల జీతాలు 21 వేలు దాటతాయి కాబట్టి వాళ్లు బయట ఉంటారు. ఆ ఆఫీసులో టీ ఇచ్చే అబ్బాయి తల్లికి పరిమితి లేని వైద్యం ఉంటుంది, పక్క గదిలో కూర్చునే ఇంజినీరు తల్లికి ఏమీ ఉండకపోవచ్చు. ఎందుకంటే 21 వేలు దాటిన ఉద్యోగికి ఆరోగ్య బీమా ఇచ్చి తీరాలని మామూలుగా ఏ యజమానినీ చట్టం బలవంతపెట్టదు. కరోనా కాలంలో, 2020 ఏప్రిల్‌లో, పనులు మళ్లీ మొదలుపెట్టే సంస్థలు కార్మికులకు వైద్య బీమా తీసుకోవాలని కేంద్ర హోంశాఖ ఆదేశించింది. అప్పుడు చిన్న సంస్థలు చాలా మొదటిసారి పాలసీలు అడిగాయి. అది కాకుండా, పైజీతాల వారికి వచ్చే గ్రూప్ పాలసీ యజమాని ఇష్టం మీద ఇచ్చేదే. ఈ ఏడాది ఇచ్చి వచ్చే ఏడాది మానేసినా అడగలేరు.

పెద్ద కంపెనీ ఎందుకు ఇవ్వగలుగుతుంది, చిన్న కంపెనీ ఎందుకు తడబడుతుంది అన్నది యజమాని మంచితనానికి సంబంధించిన విషయం కాదు. లెక్క అలా ఉంటుంది. ఉదాహరణకు నేను అనుకుంటున్న అంకెలు ఇవి. పన్నెండు మంది ఉద్యోగులు, వారి భార్యాపిల్లలు, తల్లిదండ్రులు కలిపి యాభై మంది. ఏడాది ప్రీమియం 4 లక్షలు. ఆ ఏడాది ఒకరి తండ్రికి స్టెంటు వేస్తే రెండున్నర లక్షలు, ఒక సిజేరియన్‌కు 75 వేలు, ఒకరి తల్లికి రెండు మోకాళ్ల మార్పిడికి 4 లక్షలు. మొత్తం 7,25,000. కట్టిన ప్రీమియానికి దాదాపు రెట్టింపు. బీమా కంపెనీ వచ్చే ఏడాది రెన్యువల్‌కు ఎంత అడుగుతుందో ఊహించండి. ఇవే మూడు క్లెయిములు మూడు వేల మంది ఉద్యోగులుండి 6 కోట్ల ప్రీమియం కట్టే కంపెనీలో జరిగితే, అవి ప్రీమియంలో ఒకటింబావు శాతం కూడా ఉండవు. ఎవరూ తలెత్తి చూడరు.

గ్రూప్ పాలసీల ధర ఆ గ్రూపు క్లెయిముల చరిత్రను బట్టే తేలుతుంది. గ్రూపు పెద్దదైతే మంచీ చెడూ సర్దుకుపోతాయి. చిన్నదైతే ఒక్క ఆపరేషన్ మొత్తం గ్రూపు ధరను మార్చేస్తుంది. సాధారణంగా ఏడుగురు ఉంటే గ్రూప్ పాలసీ ఇస్తారు కానీ, ఏడుగురికి వచ్చే షరతులూ ఏడు వందల మందికి వచ్చే షరతులూ ఒకటి కావు. పెద్ద కంపెనీ బేరమాడి పాత జబ్బులకు మొదటి రోజు నుంచే వర్తింపు, కాన్పుకు నిరీక్షణ (పాలసీ తీసుకున్నాక ఇంతకాలం ఆగాలన్న షరతు) లేకుండా వర్తింపు, తల్లిదండ్రులు లేదా అత్తమామలకు చోటు, బీమా సొమ్ము అయిపోతే ఆదుకోవడానికి బఫర్ నిధి వంటివి రాయించుకుంటుంది. చిన్న కంపెనీ ప్రీమియం పెరిగినప్పుడల్లా ఒక్కొక్కటి తీసేస్తూ పోతుంది. మొదట పోయేది తల్లిదండ్రులే. నేను చూసిన చిన్న సంస్థల్లో ఇందుకు మినహాయింపులు చాలా తక్కువ.

ఇంకో బాధ కూడా ఉంది. చిన్న ఆఫీసులో ఎవరి అమ్మ ఆపరేషన్ వల్ల ప్రీమియం పెరిగిందో అందరికీ తెలిసిపోతుంది. ఆ ఉద్యోగి తప్పేమీ లేకపోయినా తలదించుకు తిరగాల్సి వస్తుంది. వైద్యం చేయించుకోవడానికి మొహమాటపడిన వాళ్లను చూసి మనసు కష్టపడింది. అలాంటి పరిస్థితి ఏ కుటుంబానికీ రాకూడదు.

అందుకని "ఇన్సూరెన్స్ ఉంది" అన్న మాట మీకు సరిపోదు. పాలసీ కాపీ అడగండి. కార్డు కాదు, పాలసీ. అందులో కుటుంబం అంటే ఎవరు అన్న వాక్యం ఒకటి ఉంటుంది. చాలా చిన్న పాలసీల్లో అది ఇలా ఉంటుంది: ఉద్యోగి, జీవిత భాగస్వామి, ఇద్దరు పిల్లలు. అక్కడితో ఆగిపోతే అత్తగారూ మామగారూ లేనట్టే. కొన్ని పాలసీల్లో తల్లిదండ్రులు ఉంటారు కానీ వారి బిల్లులో ఇరవై శాతం మనమే పెట్టుకోవాలని కో పే షరతు ఉంటుంది. పోయిన రెన్యువల్‌లో ప్రీమియం ఎంత పెరిగింది, ఏమైనా తీసేశారా అని కూడా అడగండి. యజమాని నిజాయితీపరుడైతే చెబుతాడు. ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి మీకు చాలా తెలుస్తుంది.

గది అద్దె షరతును మాత్రం వదలకండి. దీన్ని ఒక బిల్లుతో చూపిస్తాను. పాలసీ 3 లక్షలది, గది అద్దె ఒక శాతం అని ఉంది, అంటే రోజుకు 3 వేలు. ఆరిలోవ హెల్త్ సిటీలో ఏదో ఒక ఆసుపత్రిలో రోజుకు 6 వేల గదిలో నాలుగు రోజులు ఉన్నారనుకుందాం. గదికి 24 వేలు. సర్జను ఫీజు, థియేటరు, నర్సింగు వగైరా లక్ష. మందులు, ఇంప్లాంటు 80 వేలు. మొత్తం 2,04,000. గదిలో తేడా 12 వేలే కాబట్టి ఆ 12 వేలు మనం పెట్టుకుంటే సరిపోతుందని అందరూ అనుకుంటారు. కానీ అనుమతించిన అద్దెకు రెట్టింపు గది తీసుకున్నందున సర్జను ఫీజు, థియేటరు వంటి ఖర్చుల్లోనూ సగమే ఇస్తారు. మందులకూ ఇంప్లాంటుకూ ఆ కోత ఉండదు. గదికి 12 వేలు, ఫీజులకు 50 వేలు, మందులకు 80 వేలు కలిపి వచ్చేది 1,42,000. డిశ్చార్జి రోజు చేతి నుంచి 62 వేలు కట్టాలి. పెద్ద కంపెనీల పాలసీల్లో తరచుగా సింగిల్ ఏసీ గది వరకు అద్దె పరిమితి లేకుండా రాయించుకుంటారు. మీ వారి ఇప్పటి పాలసీలో ఎలా ఉందో చూడండి, అప్పుడు కొత్తదానితో పోల్చడం తేలిక.

పేరు ఎక్కిన తేదీ కూడా అంతే ముఖ్యం. కొత్తగా చేరిన ఉద్యోగి పేరును బీమా కంపెనీ పాలసీలో చేర్చాలంటే, యజమాని వాళ్ల దగ్గర ముందుగా జమచేసిన సొమ్ములో నిల్వ ఉండాలి. దీన్ని సీడీ బ్యాలెన్స్ అంటారు. పెద్ద కంపెనీల్లో అది ఎప్పుడూ నిండుగా ఉంటుంది. చిన్న కంపెనీల్లో అయిపోయి, చెక్కు ఇవ్వడం వచ్చే నెలకు వాయిదా పడుతుంది. ఒక చిన్న సంస్థలో చేరిన కుర్రాడు భార్యను కడుపునొప్పితో ఆసుపత్రికి తీసుకువెళ్లి, ఇన్సూరెన్స్ కౌంటరు దగ్గర తన పేరు పాలసీలోనే లేదని తెలుసుకున్నాడు. ఆఫీసువాళ్లు పేర్లు పంపారు, డబ్బు పంపలేదు. రాత్రికి రాత్రి ముగ్గురి దగ్గర అప్పుచేసి అడ్వాన్సు కట్టాడు. కాబట్టి హెచ్ఆర్ వాళ్లు పంపామని చెప్పినా ఊరుకోవద్దు. బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ (టీపీఏ) నుంచి మీ అందరి పేర్లూ పుట్టిన తేదీలూ ఉన్న ఎలక్ట్రానిక్ కార్డు (ఈ-కార్డు) వచ్చాకే పని అయినట్టు. కొన్ని చోట్ల ప్రొబేషన్ అయ్యాకే పాలసీలో చేరుస్తారు. పాత కంపెనీ పాలసీ మాత్రం మామూలుగా చివరి పనిదినంతోనే ముగుస్తుంది. ఈ రెండు తేదీల మధ్య మీ ఇంట్లో ఎవరికీ ఏ కార్డూ ఉండదు.

రెండో బిడ్డ విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. ఇప్పటికే నెల తప్పి ఉంటే కాన్పు అయ్యేవరకు కదలవద్దు. బయట మనం సొంతంగా కొనే పాలసీల్లో కాన్పు ఖర్చు అసలు ఉండకపోవచ్చు, ఉన్నా రెండు మూడేళ్ల నిరీక్షణ సాధారణం. కొత్త కంపెనీ గ్రూప్ పాలసీలో కాన్పు ఉంటే, తొమ్మిది నెలల నిరీక్షణ తీసేశారా, పుట్టిన బిడ్డకు మొదటి రోజు నుంచి వర్తిస్తుందా, బిడ్డ పుట్టాక ఎన్ని రోజుల్లో తెలియజేయాలి అన్నవి చూసుకోండి. సిజేరియన్‌కు ఇచ్చే పరిమితి ఆసుపత్రి బిల్లుకు సరిపోదు కాబట్టి తేడా సొమ్ము పక్కన పెట్టుకోవాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను ఐసీయూలో ఉంచాల్సి వస్తే అసలు ఖర్చు అక్కడ ఉంటుంది. ఆ వాక్యం పాలసీలో ఉందో లేదో చూడటం కాన్పు పరిమితి కన్నా ముఖ్యం. మీరు కూడా ఉద్యోగం చేస్తుంటే ఇంకో మాట. మీరు పనిచేసే చోట పది మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు మీ హక్కు. మొదటి ఇద్దరు బిడ్డల వరకు అంతే.

అత్తగారి దగ్గరికి వద్దాం. మీ నిర్ణయం మొత్తం ఆవిడ మీద ఆధారపడి ఉందని నా నమ్మకం. ఆవిడకు షుగరు ఉంది కాబట్టి సొంత పాలసీ తీసుకుంటే పాత జబ్బులకు గరిష్ఠంగా 36 నెలల వరకు నిరీక్షణ పెట్టవచ్చు. 2024 ఏప్రిల్‌కు ముందు అది 48 నెలలుండేది. మోకాలి మార్పిడికి విడిగా రెండు మూడేళ్ల నిరీక్షణ ఉంటుంది. అందువల్ల ఆపరేషన్ తప్పదని డాక్టరు ఇప్పటికే చెప్పి ఉంటే, మీ వారు ఇప్పటి కంపెనీలో ఉండగానే చేయించేయండి. అందులో మొహమాటం ఏమీ లేదు. ఆ పాలసీ ఉన్నది అందుకే.

ఆపరేషన్ అవసరం ఇంకా రాకపోతే, ఇప్పటి గ్రూప్ పాలసీ ఇస్తున్న బీమా కంపెనీకే రాయండి. గ్రూపు నుంచి బయటికి వెళ్లే ఉద్యోగికీ, అతని కుటుంబ సభ్యులకూ అదే కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే హక్కు ఉంది. దాన్ని మైగ్రేషన్ అంటారు. గ్రూపులో గడిపిన కాలాన్ని నిరీక్షణలో తగ్గించి లెక్కిస్తారు. అయితే వయసునూ ఆరోగ్యాన్నీ చూసి ప్రీమియం నిర్ణయిస్తారు, అది ఎక్కువే ఉంటుంది. ఈ ఉత్తరం చివరి పనిదినానికి నెలన్నర ముందే వెళ్లాలి. రిలీవ్ అయ్యాక గుర్తుచేసుకుని ఫోను చేసేవారికి దారులు మూసుకుపోతాయి.

మామగారికి 70 దాటాయి కాబట్టి ఒక వెసులుబాటు ఉంది. 2024 అక్టోబరులో మొదలైన ఆయుష్మాన్ వయ వందన కార్డు కింద 70 ఏళ్లు నిండిన వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఉంది. ప్రైవేటు బీమా ఉన్నా తీసుకోవచ్చు. ఆధార్ ఉంటే చాలు. మీకు దగ్గర్లో ఏ ఆసుపత్రులు దాన్ని తీసుకుంటున్నాయో ముందే అడిగి పెట్టుకోండి.

మన రాష్ట్రంలో ఇంకో ఆసరా ఉంది, చిన్న సంస్థల వారికి ఇది చాలా పెద్దది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకం. ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు వర్తిస్తుంది. చికిత్సల పరిమితిని 2023 డిసెంబరులో 25 లక్షలకు పెంచారు. నెలకు 21 వేలు దాటి ఈఎస్ఐ పోయి, 40 వేల లోపు జీతంతో చిన్న కంపెనీలో గ్రూప్ పాలసీ లేకుండా ఉన్నవారు మన ఊళ్లో వేలల్లో ఉంటారు. ఎటూ కాకుండా మధ్యలో పడిపోయింది వీళ్లే. వీళ్లకు చివరి అండ ఈ పథకం. మీ తమ్ముడికి ఈఎస్ఐ వచ్చేలోగా ఈ కార్డు సంగతి వార్డు సచివాలయంలో వెంటనే కనుక్కోమనండి. కానీ జాబితాలో ఉన్న చికిత్సలకే, జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లోనే పనిచేస్తుంది. బకాయిలు రాలేదని ఆసుపత్రులు సేవలు ఆపిన సందర్భాలూ ఉన్నాయి. దాని మీదే పూర్తిగా ఆధారపడి ఉద్యోగం మారమని మీకు చెప్పలేను.

ఇక సొంత పాలసీ. మీ వారికి, మీకు, పాపకు కలిపి ఒక ఫ్లోటర్ పాలసీ (ఒకే బీమా సొమ్మును అందరూ వాడుకునేది) ఈ నెలలోనే తీసుకోండి. కంపెనీ పాలసీ ఉండగా రెండోది ఎందుకన్న ప్రశ్న ప్రతి ఇంట్లోనూ వస్తుంది. నిరీక్షణ కాలం ఈ రోజు నుంచే కరుగుతూ వస్తుంది కాబట్టి, చిన్న కంపెనీలో పాలసీ ఆగిపోయిన రోజుకు మీది పూర్తిగా పనిచేసే స్థితిలో ఉంటుంది. ఐదేళ్లు ఆపకుండా కడితే, మోసం చేశారని రుజువైతే తప్ప, ఏదో చెప్పలేదన్న సాకుతో క్లెయిము తిరస్కరించకూడదు. ఫారంలో ఉన్న జబ్బులన్నీ దాచకుండా రాయండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీలకు జీఎస్టీ లేదు. గ్రూప్ పాలసీలకు మాత్రం 18 శాతం కొనసాగుతోంది. తక్కువ ప్రీమియం కదా అని కేవలం సూపర్ టాపప్ ఒక్కటే తీసుకోవద్దు. 5 లక్షలు దాటాక మొదలయ్యే పాలసీ అది. కింద కంపెనీ పాలసీ పోతే ఆ మొదటి 5 లక్షలూ మీ జేబులోంచే. ఫ్లోటర్ తీసుకున్నాక దాని పైన టాపప్ పెట్టుకుంటే మంచిది.

చిన్న సంస్థల యజమానులకు కొన్నేళ్లుగా నేను చెబుతున్న సలహా ఒకటుంది, మీ వారు జీతం మాట్లాడుకునేటప్పుడు వాడుకోవచ్చు. పన్నెండు మందికి ఏటా ఊగిసలాడే గ్రూప్ పాలసీ కొనే బదులు, ఉద్యోగి తన పేరిట కొనుక్కున్న కుటుంబ పాలసీ ప్రీమియాన్ని యజమాని తిరిగి ఇస్తే ఇద్దరికీ మేలు. ఒకరి ఆపరేషన్ వల్ల మిగతా పదకొండు మంది ధర పెరగదు. ఉద్యోగి ఎక్కడికి వెళ్లినా పాలసీ అతనితోనే వెళుతుంది. పాత జబ్బులున్న తల్లిదండ్రుల సమస్యను ఇది తీర్చదు, మొదటి రెండు మూడేళ్లు బలహీనంగానే ఉంటుంది. అయినా పన్నెండు మంది కంపెనీకి ఇదే సరైన పద్ధతని నా అభిప్రాయం.

డబ్బు లెక్క మీరే వేసుకోవాలి. నెలకు 9 వేలంటే ఏడాదికి 1,08,000, అందులో పన్ను పోతుంది. మిగిలిన దాంట్లోంచి మీ ముగ్గురి ఫ్లోటర్ ప్రీమియం, అత్తగారికి మైగ్రేషన్‌లో చెప్పే ప్రీమియం, ఆవిడ జబ్బులకు నిరీక్షణ మిగిలితే ఆ కాలానికి పక్కన పెట్టే సొమ్ము తీసేయండి. ఇప్పటి కంపెనీ అత్తమామల ప్రీమియాన్ని జీతంలో పట్టుకుంటోందేమో పేస్లిప్‌లో చూడండి. అలాగైతే ఆ మొత్తాన్ని మళ్లీ కలపాలి. అత్తగారి ప్రీమియం కొటేషన్ చేతికి వచ్చేవరకు కొత్త కంపెనీకి అవుననీ కాదనీ చెప్పకండి. ఆ కాగితం ముందు పెట్టుకుని 9 వేలకు బదులు 13 వేలు అడిగితే, చిన్న కంపెనీ యజమానికి కారణం అర్థమవుతుంది.

మారాలనే నిర్ణయించుకుంటే, ఆఫీసు మెయిలు మూతపడకముందే మూడు కాగితాలు సొంత మెయిలుకు తెచ్చుకోండి. ఒకటి, గ్రూప్ పాలసీ నంబరుతో పాటు మీ ఐదుగురి సభ్యత్వ సంఖ్యలున్న ఈ-కార్డులు. రెండు, ఏ ఏడాది నుంచి ఎవరెవరు పాలసీలో ఉన్నారో తెలిపే ధ్రువపత్రం. మూడు, ఇంతవరకు జరిగిన క్లెయిముల వివరాలు. మైగ్రేషన్‌కైనా, రేపు కొత్త పాలసీలో పాత కాలాన్ని లెక్కించమని అడగడానికైనా బీమా కంపెనీ వీటినే చూస్తుంది. పాత కంపెనీ పాలసీ కాపీలో గది అద్దె, తల్లిదండ్రుల వాక్యాలు ఎలా ఉన్నాయో ఇక్కడ రాస్తే, కొత్త కంపెనీ వారి పాలసీ పక్కన పెట్టి ఏది తగ్గుతుందో చూసి చెబుతాను.